పాత ల్యాప్‌టాప్‌ను పారేయకండి, ఒకసారి తెరిచి చూడండి

మీరు అడిగినవి మూడు. అన్నయ్య వాడి ఇచ్చిన 2014 నాటి ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది, అది విండోస్ 11 తీసుకోవడం లేదు, దాన్ని ఏం చేయాలి? డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నారు కాబట్టి ముందుగా ఏ సాఫ్ట్‌వేర్ మీద పట్టు సంపాదించాలి? సైన్స్ ఫిక్షన్ చదువుతుంటే ఇంట్లో వాళ్లు వట్టి కాలక్షేపం అంటున్నారు, కంప్యూటర్ చదువుకు దానివల్ల ఏమైనా ఉపయోగం ఉందా? మూడింటికీ విడివిడిగా జవాబు చెప్పవచ్చు. కానీ చదువుతుంటే నాకు మూడూ ఒకే ప్రశ్నగా కనిపించాయి. అందుకే సమాధానం కాస్త పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

ఇరవై రెండేళ్లుగా కళాశాల ల్యాబుల్లో కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. విప్పడం, తుడవడం, బాగుచేయడం, పిల్లలకు నేర్పడం. ఇన్నేళ్లలో నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. మనం వాడే యంత్రాన్ని మనం విప్పి చూడగలగాలి. మనం రాసుకున్నది, దాన్ని రాసిన ప్రోగ్రాం మాయమైపోయినా చదవగలగాలి. ఈ రెండూ కుదిరే చోట డబ్బు కొంచెం ఎక్కువైనా, సౌకర్యం కొంచెం తక్కువైనా నేను అటే మొగ్గుతాను. కింద రాసేదంతా ఆ మొగ్గుతోనే రాస్తున్నానని ముందే చెబుతున్నాను.

ల్యాప్‌టాప్ సంగతి మొదట చూద్దాం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. అంటే ఆ రోజున కంప్యూటర్ ఆగిపోదు, కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మందు మాత్రం మామూలుగా రాదు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ కావాలి. మీ దగ్గరున్నది నాలుగో తరం. ఆ తనిఖీని తప్పించి ఎక్కించే దొడ్డిదారులు ఉన్నాయి, మీ స్నేహితులు చెప్పే ఉంటారు. నేను వాటిని సలహా ఇవ్వను. అలా ఎక్కించిన దానికి రేపు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు, పరీక్షల వారంలో మొండికేస్తే మీ దగ్గర ఇంకో కంప్యూటర్ లేదు.

ఇంతకీ మీ ల్యాప్‌టాప్ నిదానంగా ఉండటానికి కారణం దాని ప్రాసెసర్ కాదని నా అనుమానం. ‘ఆన్ చేస్తే అయిదు నిమిషాలు పడుతోంది, లోపల చిన్నగా కరకర శబ్దం వస్తోంది’ అని రాశారు. ఆ శబ్దం మీ ఫైళ్లన్నీ దాచి ఉంచే, లోపల పళ్లేలు తిరిగే హార్డ్ డిస్క్‌ది. ఆ తరం ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా వచ్చినవి నిమిషానికి 5,400 చుట్లు తిరిగే డిస్కులు. లెక్క వేయండి. నిమిషానికి 5,400 అంటే సెకనుకు 90 చుట్లు, ఒక్కో చుట్టుకు 11 మిల్లీసెకన్లు. మనకు కావలసిన ముక్క చదివే తల కిందికి రావాలంటే సగటున సగం చుట్టు ఆగాలి. దానికంటే ముందు ఆ తలను మోసే చేయి సరైన వలయం మీదికి జరగాలి, దానికి మరో పది పన్నెండు మిల్లీసెకన్లు. అంతా కలిపితే అక్కడొకటి ఇక్కడొకటి చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు అరవై చోట్ల నుంచి చదవగలిగితే గొప్ప. కంప్యూటర్ లేచేటప్పుడు చదవాల్సినవి వేలల్లో ఉంటాయి. అయిదు నిమిషాలు ఎక్కడికి పోతున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. హార్డ్ డిస్క్‌కు బదులుగా చిప్‌లలో ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్లెమూ లేదు, జరిగే చేయీ లేదు, అందువల్ల అదే పని సెకనుకు వేల సంఖ్యలో జరుగుతుంది. ల్యాబులో ఇదే వయసున్న యంత్రాలకు డిస్కు మార్చాక నిమిషంలోపే లేవడం నేను ఎన్నోసార్లు చూశాను. అలా లేచినప్పుడు పిల్లల ముఖాలు చూడటం నా ఉద్యోగంలో నాకు చాలా ఇష్టమైన విషయం.

కాబట్టి కొనాల్సింది పాత డిస్కు ఉన్న చోటే తగిలే రెండున్నర అంగుళాల సాటా రకం ఎస్ఎస్‌డీ ఒకటి. 256 జీబీ చాలు. ర్యామ్, అంటే పని నడుస్తున్నంతసేపు కంప్యూటర్ వాడుకునే జ్ఞాపకం, నాలుగు జీబీయే ఉందన్నారు కాబట్టి ఇంకో నాలుగు జీబీల ముక్క. నాలుగో తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లకు డీడీఆర్3ఎల్ రకం కావాలి. దుకాణంలో ఇప్పుడు ఎదురుగా కనిపించేవి డీడీఆర్4, డీడీఆర్5. అవి ఆ గాడిలో కూర్చోవు, బలవంతంగా నొక్కితే గాడి విరుగుతుంది. పాత ముక్కను తీసి చేతిలో పట్టుకుని వెళ్లి, అలాంటిదే ఇమ్మని అడగండి.

విప్పేటప్పుడు ఇలా చేయండి. కరెంటు తీగ పీకేయండి, బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే తీసేయండి, లోపలిదైతే మూత విప్పగానే మొదట దాని కనెక్టర్ ఊడదీయండి. ఒక తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీసి, ఏ మర ఎక్కడిదో ఆ బొమ్మ మీద అక్కడే పెట్టండి. మరల పొడవులు ఒకటి కావు. పొట్టి మర ఉండాల్సిన చోట పొడుగు మర బిగిస్తే అది లోపలి బోర్డును గుచ్చుతుంది. మొదట్లో నేను అలా ఒక కీబోర్డును పాడుచేశాను, అప్పటి నుంచి కాగితం లేకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోలేదు. ఫ్యాను దగ్గర దుమ్ము మందపు దుప్పటిలా పేరుకుని ఉంటుంది. మెత్తని బ్రష్‌తో తీయండి, తీసేటప్పుడు ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి. బ్యాటరీ ఎక్కడైనా ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం అక్కడితో ఆగి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి, దాన్ని గుచ్చవద్దు, వంచవద్దు.

దీనికంతటికీ ముందు అన్నయ్య ఫోటోలు, మీ నోట్సులు రెండు వేర్వేరు చోట్ల కాపీ చేసుకోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే విద్యార్థులు ఏటా నలుగురైదుగురు నా గదికి వస్తారు. చేతిలో చచ్చిపోయిన పెన్ డ్రైవ్, అందులో ప్రాజెక్టు రిపోర్టు, మరోచోట కాపీ లేదు. వాళ్లకు నేను చేయగలిగింది చాలా తక్కువ.

దాని మీద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలంటే, నా మాట విండోస్‌కు బదులుగా ఉచితంగా దొరికే లినక్స్ మింట్, అందులోనూ ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రూపం. ఎనిమిది జీబీల పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, డిస్కును ముట్టుకోకుండా పెన్ డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. వైఫై, శబ్దం, కెమెరా, వెలుతురు తగ్గించే మీటలు పనిచేస్తున్నాయో లేదో అలాగే పరీక్షించండి, అన్నీ సరిగ్గా ఉన్నాకే డిస్కు మీద వేయండి. ఇబ్బందులూ ఉన్నాయి, దాచను. కొన్ని సంస్థల ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు, తెలుగు డీటీపీ పనికి, అంటే అచ్చుకు పేజీలు కూర్చడానికి వాడే ప్రోగ్రాములు కొన్ని అంతే. మీ కళాశాలలో అలాంటివి తప్పనిసరైతే ల్యాబులో ఆ పని చేసుకోండి. దానికోసం అప్పు చేసి కొత్త ల్యాప్‌టాప్ కొనవద్దు.

ఇక రెండో ప్రశ్న. ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలి, ఏ ఎడిటర్ వాడాలి అన్నదాని మీద గంటల తరబడి వాదనలు జరుగుతాయి, నాకు వాటి మీద పెద్ద ఆసక్తి లేదు. పైథాన్‌తో మొదలుపెట్టండి, ఒక సెమిస్టర్ సి రాయండి, చాలు. అంతకంటే ముందు కమాండ్ లైన్‌తో, అంటే ఆదేశాలు టైపు చేసి కంప్యూటర్‌తో పని చేయించే పద్ధతితో, స్నేహం చేసుకోవాలి. ఎందుకో చెప్పడానికి మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి.

మాది ధర్మవరం. మా వీధిలో సగం ఇళ్లలో మగ్గాలుండేవి. మగ్గం మీద చీర మీది బొమ్మలను నేయించే జకార్డు పెట్టె, దాని మీదుగా దండలా కుట్టిన రంధ్రాల అట్టలు. ఒక్కో అట్ట ఒక్కో పోగు వేయడానికి. రంధ్రం ఉన్నచోట సూది లోపలికి వెళుతుంది, దాని కొక్కెం తగులుకుని ఆ పడుగు దారం పైకి లేస్తుంది. రంధ్రం లేనిచోట అట్ట సూదిని నెట్టేస్తుంది, ఆ దారం కిందే ఉండిపోతుంది. అంచులో నెమలి కంఠం ఒకచోట తెగినట్టు వస్తే మా పక్కింటి పెద్దాయన అట్టలను వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్లి, చిరిగిన అట్ట దగ్గర ఆగేవారు. దాన్ని తీసి కొత్తది పొడిచి కుట్టేవారు. మగ్గం మళ్లీ నడిచేది. ఆయన బడికి వెళ్లింది మూడో తరగతి వరకే. అయినా తన యంత్రంలో తప్పు ఏ అట్టలో ఉందో చూపించగలిగేవారు. 1804లో ఫ్రాన్సులో జకార్డ్ రూపుదిద్దిన ఈ పద్ధతినే ఇంగ్లీషు గణిత శాస్త్రజ్ఞుడు బాబేజ్ తన గణన యంత్రానికి అరువు తెచ్చుకున్నాడని నేను చాలా తరువాత చదివాను. చదవగానే నాకు ఆ పెద్దాయన వేలు గుర్తొచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతి విద్యార్థికీ అలా వేలు పెట్టి చూపించే స్థితి రావాలని నా కోరిక.

కమాండ్ లైన్ ఆ స్థితికి దగ్గరి దారి. బెల్ ల్యాబ్స్‌లో యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసినవాళ్లు 1973లో అందులో పైప్ అనే ఏర్పాటు పెట్టారు. ఒక చిన్న ప్రోగ్రాం పలికిన మాటలను ఇంకో చిన్న ప్రోగ్రాం చెవిలో పోయడం, అంతే. మింట్ వేశాక ఈ ప్రయోగం చేయండి. తెలుగు వ్యాసం ఒకటి మామూలు టెక్స్ట్ ఫైలుగా దాచుకోండి. టీఆర్ అనే కమాండ్‌తో ఖాళీలున్న చోటల్లా విరగ్గొట్టి వరుసకు ఒక మాట వచ్చేలా చేయండి, దాన్ని సార్ట్ అనే కమాండ్‌కు ఇవ్వండి, అది వరుసలో పేర్చినదాన్ని యునీక్‌కు ఇచ్చి లెక్కపెట్టమనండి, వచ్చినదాన్ని మళ్లీ సార్ట్‌కు ఇచ్చి పెద్ద సంఖ్యలు పైకి తెమ్మనండి. ఈ చిన్న పనిముట్లు కలిసి ఆ రచయిత ఏ మాటను ఎన్నిసార్లు వాడాడో చెప్పేస్తాయి. మధ్యలో ఎక్కడ గొలుసు తెంపినా అక్కడిదాకా ఏం జరిగిందో తెర మీద కనిపిస్తుంది. అట్టలు లెక్కపెట్టడం లాంటిదే ఇది.

టెక్స్ట్ ఫైలు అన్నాను కదా, దాని మీద నాకు ఎందుకంత పట్టుదలో చెబుతాను. మా నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. మా ప్రాంతపు గుళ్ల మీద, చెరువుల మీద ఆయన రాసిన వ్యాసాలను 2001లో ఒక డీటీపీ కేంద్రంలో టైపు చేయించారు. అచ్చు వేయడానికి డబ్బు సమకూరలేదు. ఆ ఫైళ్లను పదకొండు ఫ్లాపీల్లో పెట్టి, బీరువాలో దాచుకున్నారు. ఆయన పోయిన తరువాత, 2013లో, నేను వాటిని తెరిచాను. మూడు ఫ్లాపీలు అసలు చదవబడలేదు. మిగిలిన ఎనిమిదింటిలో ఫైళ్లు చక్కగా తెరుచుకున్నాయి. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, ఆశ్చర్యార్థకాలు. ఒక్క తెలుగు అక్షరం లేదు.

అప్పటి డీటీపీ ఫాంట్లు ఎలా పనిచేసేవో తెలిస్తే ఇది ఎందుకు జరిగిందో అర్థమవుతుంది. కంప్యూటర్‌కు తెలుగు తెలియదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గదుల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టేవారు. ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో గుడి, ఒక గదిలో కొమ్ము, ఒక గదిలో ఒత్తు. ఫైలులో ఉండేది గది సంఖ్య మాత్రమే, ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగుగా కనిపిస్తుంది. ఆ కేంద్రం ఎప్పుడో మూతపడింది. వాళ్లు వాడిన ఫాంటు ఏదో, ఏ రూపాంతరమో ఎవరికీ తెలియదు. అదృష్టవశాత్తూ నాన్నగారు దిద్దిన ప్రూఫు కాగితాలు పదిహేడు దొరికాయి. ఒక పక్క కాగితం, ఇంకో పక్క తెర పెట్టుకుని, ఏ గుర్తు ఏ ముక్కో పట్టిక రాయడం మొదలుపెట్టాను.

అచ్చులు, హల్లులు నాలుగు రాత్రుల్లో అయిపోయాయి. చిక్కంతా తరువాతే. మనం ‘క్ర’ అనేటప్పుడు ముందు క పలికి తరువాత ర పలుకుతాం. ఆ ఫైలులో క్రావడి అక్షరానికి ముందు ఉంది, ఎందుకంటే కాగితం మీద దాని వంకర ఎడమ వైపు నుంచి మొదలవుతుంది, టైపు చేసేవాళ్లు కంటికి కనిపించిన వరుసలో కొట్టారు. ఐత్వం ఇంకో రకం. ‘కై’లో పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. ఫైలులో ఆ రెండింటి మధ్యలో ఒక్కోసారి ఒత్తు వచ్చి కూర్చుంది. ఒక్కొక్క నియమం రాస్తూ, నడిపిస్తూ, తప్పు దొరికినచోట మళ్లీ కాగితం చూస్తూ రెండు నెలలు పట్టింది. చివరికి పైథాన్‌లో నాలుగు వందల వరుసలయ్యాయి. మొదటిసారి ఒక పేరా మొత్తం తప్పు లేకుండా తెర మీదికి వచ్చిన రాత్రి, అందులో ‘మా చిన్నప్పుడు ఈ చెరువు కట్ట మీద’ అన్న మాటలు నాన్నగారి గొంతుతోనే వినిపించాయి. అమ్మను నిద్ర లేపి చదివి వినిపించాను. ఆ మూడు ఫ్లాపీలలోని వ్యాసాలు మాత్రం పోయాయి, ఇక రావు.

ఈ రోజు మీరు తెలుగులో రాసేదానికి ఆ గతి పట్టకుండా కాపాడుతున్నది యూనికోడ్, అంటే ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే ప్రపంచవ్యాప్త పట్టిక. తెలుగుకు అందులో 128 గదుల ప్రత్యేక వీధి ఉంది. క అంటే ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా క. ఆ సంఖ్యలను ఫైలులో ఎలా రాయాలో చెప్పే యూటీఎఫ్-8 పద్ధతిని 1992 సెప్టెంబర్‌లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు న్యూజెర్సీలో ఒక భోజనశాలలో, పళ్లెం కింద వేసే కాగితం మీద రాసుకుని రూపొందించారు. పాత ఇంగ్లీషు ఫైళ్లు ఒక్క అక్షరం మారకుండా పనిచేస్తాయి, తెలుగుతో సహా మిగతా లిపులన్నీ ఇముడుతాయి. సాఫ్ట్‌వేర్ చరిత్రలో నేను చేతులెత్తి మొక్కే పనుల్లో ఇది ఒకటి.

మీరు ప్రోగ్రాములు రాయబోతున్నారు కాబట్టి దీని లోతు కొంచెం చూడండి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒకే అక్షరం. లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం, మొత్తం ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. పేరు కోసం ఇరవై బైట్లు చాలులే అని ఎవరైనా డేటాబేస్‌లో గది కడితే అందులో ఆ ఒక్క అక్షరమే పడుతుంది. తెలుగు పేర్లు సగంలో తెగి, చివర ప్రశ్నార్థకాలు పడిన రసీదులు మీరు చూసే ఉంటారు. కట్టినవాడు తెలుగును లోపలి నుంచి ఎప్పుడూ చూడకపోవడమే దానికి కారణం. 2018 ఫిబ్రవరిలో ఇంతకంటే పెద్దది జరిగింది. ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక వరుసలో, అంటే జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక విడదీసే సంకేతం, ఆ తరువాత దీర్ఘం, ఇలా రాసి పంపితే ఐఫోన్లలో ఆ సందేశం తెరిచిన యాప్ కుప్పకూలింది, ఒక్కోసారి ఫోనే మళ్లీ మళ్లీ ఆగి మొదలయ్యేది. అక్షరాలను కూర్చి చూపించే భాగంలో లోపం అది. ఆ నెల 19న ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చిన ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. అప్పట్లో వార్తలన్నీ దాన్ని ‘తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోంది’ అన్న ధోరణిలో రాశాయి, నాకు చాలా బాధ కలిగింది. అక్షరంలో ఏ దోషమూ లేదు. మన లిపి ఎలా అల్లుకుంటుందో తెలిసినవాళ్లు ఆ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే బల్ల దగ్గర ఉండాల్సింది. మీలాంటివాళ్లు ఆ బల్ల దగ్గరికి వెళ్లాలనే ఇదంతా వివరంగా రాశాను.

కృత్రిమ మేధ కోడ్ రాసిపెడుతోంది కదా, ఇవన్నీ ఎందుకని మీ స్నేహితుడు అన్నట్టు రాశారు. నేనూ వాడుతున్నాను, వద్దనను. కానీ అది రాసిచ్చిన ప్రతి వరుసా మీరు చదవగలగాలి, ఇక్కడ ఇది ఎందుకుందో చెప్పగలగాలి. చెప్పలేని వరుసను మీ ప్రోగ్రాంలో ఉంచుకోకండి. ఈ నియమం పెట్టుకుంటే దానివల్ల మీకు మేలే జరుగుతుంది.

ఈ విషయం మీద సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజక్ అసిమోవ్ 1958లో ‘ద ఫీలింగ్ ఆఫ్ పవర్’ అనే చిన్న కథ రాశాడు. కంప్యూటర్లకు అలవాటుపడి మనుషులు లెక్కలు చేయడం పూర్తిగా మరిచిపోయిన కాలం. ఒక కింది స్థాయి సాంకేతిక ఉద్యోగి పాత యంత్రాల తీరును చూసి, కాగితం మీద గుణకారం చేయడం తిరిగి కనిపెడతాడు. పెద్ద పెద్ద అధికారులు నోరు తెరుచుకుని చూస్తారు. ఆ తరువాత ఏమవుతుందో చెప్పను, చదవండి, చాలా దుఃఖపెడుతుంది. మీ మూడో ప్రశ్నకు జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

సైన్స్ ఫిక్షన్‌ను చాలామంది జోస్యంలా చూస్తారు. ఫలానా రచయిత ఫలానాది ముందే చెప్పాడు అని లెక్కలు వేస్తారు. నాకు ఆ లెక్క నచ్చదు. ఎక్కడ తప్పారో చూడటమే నాకు ఎక్కువ నేర్పింది. సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ 1945 అక్టోబర్‌లో ఒక వైర్‌లెస్ పత్రికలో రాసిన వ్యాసం సంగతి మీకు తెలిసే ఉంటుంది. భూమధ్యరేఖ మీద, నేల నుంచి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహాన్ని నిలిపితే అది భూమితో సమానంగా తిరుగుతుంది, మూడింటితో ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించవచ్చు అన్నాడు. 1964లో సిన్‌కామ్ 3తో అది నిజమైంది. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. ఆ వ్యాసంలో క్లార్క్ ఊహించినవి మనుషులు కాపురం ఉండే కేంద్రాలు. ఆనాటి రేడియోల్లో వాల్వులు వాడేవారు, అవి మాటిమాటికీ కాలిపోతాయి, మార్చడానికి మనిషి ఉండాలి కదా! రెండేళ్లకు, 1947లో, వాల్వుల పనే చేసే చిన్న ట్రాన్సిస్టర్ వచ్చింది. మనుషులు ఉండాల్సిన అవసరమే పోయింది. కక్ష్య లెక్క తప్పకుండా కట్టిన మనిషికి ఆ చిన్న ముక్క అందలేదు. అయినా ఆయన వేసిన ప్రశ్న సరైనదని నేనంటాను. అంత ఎత్తున చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? ఇంజినీరు మొదట అడగాల్సింది అదే.

దీనికి మనతోనూ చుట్టరికం ఉంది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా పల్లెలకు విద్యా కార్యక్రమాలు చూపించే సైట్ అనే ప్రయోగం జరిగింది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు నేరుగా టీవీ కార్యక్రమాలు వచ్చాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, మన పల్లెలకు కార్యక్రమాలు తెలుగులో వచ్చేవి. అప్పట్లో క్లార్క్ కొలంబోలో ఉండేవాడు, ఇస్రో వాళ్లు వెళ్లి ఆయన ఇంటి మీద కూడా ఒక గ్రాహకం బిగించి వచ్చారు. తాను కాగితం మీద గీసిన కక్ష్య నుంచి తన ఇంటికే బొమ్మ రావడం ఎంతమంది రచయితలకు దక్కుతుంది? మా మామయ్య అలాంటి ఒక పల్లెలో బడిపంతులుగా ఉండేవారు. మూడు మీటర్ల వెడల్పున ఇనుప జాలీతో చేసిన ఆ గొడుగు లాంటి యాంటెన్నాను గాలివాన వచ్చినప్పుడల్లా పిల్లలతో కలిసి చూసి వచ్చేవారట. కోళ్ల గూటికి వాడే జాలీ లాంటిదే కాబట్టి ఎక్కడైనా వదులైతే ఊళ్లోనే బిగించుకునేవారని చెప్పేవారు. ఆకాశంలో ఉన్నదాన్ని ముట్టుకోలేం సరే, ఊళ్లో ఉన్నదాన్ని ఊరివాళ్లు సరిచేసుకోగలిగేలా చేశారు. ఆ రూపకల్పన చేసిన ఇంజినీర్ల మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను.

ఇంట్లో వాళ్లకు చూపించడానికి ఒక్క కథ చెప్పమంటే ఇ.ఎం. ఫార్‌స్టర్ 1909లో రాసిన ‘ద మెషీన్ స్టాప్స్’ చెబుతాను. కంప్యూటర్ లేదు, టీవీ లేదు, ఇళ్లకు కరెంటే అరుదు, అప్పుడు రాశాడు. మనుషులంతా భూమి లోపల తేనెపట్టు గదుల్లాంటి వాటిలో ఒక్కొక్కరుగా ఉంటారు. ఒక తల్లికి ఎదురుగా పలక మీద ఎక్కడో ఉన్న కొడుకు ముఖం కనిపిస్తుంది, మాట్లాడుకుంటారు. అన్నీ యంత్రమే చూసుకుంటుంది. నన్ను పట్టి కుదిపింది ఈ ఊహ కాదు, చివరి భాగం. యంత్రం ఒక్కసారిగా కూలిపోదు. మొదట సంగీతంలో చిన్న అపశ్రుతి. ఫిర్యాదు చేస్తారు, సరికాదు, కొన్నాళ్లకు ఆ అపశ్రుతి వినడానికి అలవాటు పడతారు. తరువాత కృత్రిమ పండ్లకు బూజు, స్నానపు నీళ్లకు వాసన. వాటికీ అలవాటు పడతారు. మరమ్మతు చేసే యంత్రమే చెడిపోయిందని తెలిసేసరికి, మొత్తం యంత్రాన్ని ఎరిగిన మనిషి ఒక్కడూ మిగిలి ఉండడు.

దీన్ని నేను మొదటిసారి చదివినప్పుడు మా ల్యాబులో ఒక ప్రింటర్ ఉండేది. ప్రతి పేజీకీ ఎడమ అంచున సన్నటి నల్లగీత పడేది. నెలల తరబడి అందరం ఆ గీతతోనే రికార్డులు ప్రింటు చేసుకున్నాం, ఎవరమూ అడగలేదు. కథ చదివిన మర్నాడు ఉదయం వెళ్లి దాని మూత తీశాను. డ్రమ్మును తుడిచే రబ్బరు పట్టీ అంచున కాగితపు తునక ఒకటి ఇరుక్కుని ఉంది. పట్టకారుతో లాగితే వచ్చేసింది. మీ ఇంట్లో వాళ్లు ఉపయోగం అడిగితే నాకు జరిగిన ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు మీ పని చూడండి. ఎస్ఎస్‌డీ కొనేముందు ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు ఇక్కడ రాయండి, దాని మూత విప్పే పద్ధతి, ర్యామ్ గాడులు ఎన్ని ఉన్నాయో చూసి చెబుతాను. తీసిన పాత డిస్కును పారేయవద్దు, దానికి సరిపోయే యూఎస్‌బీ పెట్టె దొరుకుతుంది, అందులో బిగించి రెండో కాపీకి వాడుకోండి. కరకర శబ్దం చేస్తోంది కాబట్టి మొదటి కాపీకి మాత్రం దాన్ని నమ్మకండి. తెలుగు టైపింగ్‌కు మింట్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక ఎలా పెట్టుకోవాలో కూడా అప్పుడే రాస్తాను. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే విప్పినది విప్పినట్టే ఫోటో తీసి పెట్టండి. రాత్రి తొమ్మిది దాటాక తప్పకుండా చూస్తాను.